ఇరవై మూడో ఇంటి నమూనా

మూడు సాఫ్ట్‌వేర్లలో ఏది మెరుగైనదో తేల్చడం నా పని. మనుషుల మధ్య సంబంధాల్ని బొమ్మగా గీసి చూపించే సాఫ్ట్‌వేర్లు అవి. చుక్క అంటే మనిషి, గీత అంటే సంబంధం. ఎవరి మాట ఎవరు వింటారు, ఎవరు లేకపోతే ఎవరెవరు విడిపోతారు అన్నవన్నీ ఆ గీతల్ని బట్టి చెప్తాయి. నేను రాసిన నివేదిక డెబ్బై రెండు పేజీలు వచ్చింది. అందులో పట్టికలున్నాయి, రంగుల పటాలున్నాయి, హైమవతి అని నా పేరు రెండు చోట్ల ఉంది. నేను చేసిన సిగ్గుమాలిన పని మాత్రం ఎక్కడా లేదు. అది ఇక్కడ రాస్తున్నాను.

మా అధ్యయన కేంద్రం కాకినాడలో, సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. పోల్చాల్సిన మూడింటిలో మొదటిది వలయం. బొమ్మలు అందంగా గీస్తుంది, పెద్దవాళ్ళు వచ్చినప్పుడు చూపించడానికి బాగుంటుంది. రెండోది జల్లెడ. దానికి బొమ్మల సరదా లేదు, అన్నీ చేత్తో టైపు చెయ్యాలి, లెక్క మాత్రం పొల్లు పోదు. మూడోది అల్లిక. అది నేను నాలుగేళ్ళు కూర్చుని తయారు చేసింది. మిగతా రెండూ మనుషులు చెప్పినదాన్ని బట్టి గీతలు గీస్తాయి. అల్లిక మనుషులు చెప్పకుండా వదిలేసినదాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. సొంత సరుకుని సొంతంగా పరీక్షించుకోకూడదని నాకు తెలుసు. కానీ మా డైరెక్టర్ భుజంగరావు గారు "ఇంకెవరున్నారమ్మా మనకి?" అన్నారు, నేనూ పెద్దగా వద్దనలేదు.

చిక్కల్లా ఒకటే. మూడూ మూడు జవాబులు చెప్తాయి సరే, అసలు జవాబేదో తెలియాలి కదా. మనుషుల్ని అడిగితే పూర్తి నిజం చెప్పరు. చెడ్డవాళ్ళు కాబట్టి కాదు, మర్యాదస్తులు కాబట్టి.

ఆ చిక్కు విప్పింది పెరుగు. భుజంగరావు గారు పాల డెయిరీల కోసమని ఒక చిన్న యంత్రం తయారు చేశారు. ఒకరోజు భోజనాల వేళ మా అందరి క్యారియర్లలోంచి చెంచాడు చెంచాడు పెరుగు తీసుకుని అందులో వేశారు. మేం చేతులు కడుక్కుని వచ్చేసరికి తెర మీద రెండు పేర్ల మధ్య ఒక బాణం ఉంది. డైరెక్టర్ గారి ఇంటి పెరుగు నుంచి మా గుమాస్తా సత్యమూర్తి ఇంటి పెరుగుకి, మూడు రోజుల కిందట.

"ఆయ్, నిజవేనండి!" అన్నాడు సత్యమూర్తి. "మొన్న మా ఆవిడ మేడం గారి దగ్గరే తోడు పట్టుకొచ్చింది."

"నాకు చెప్పనేలేదే మా ఆవిడ," అన్నారు డైరెక్టర్ గారు.

విషయం అంతే. ఒక్కో ఇంటి పెరుగులో సూక్ష్మజీవులు ఒక్కోలా ఉంటాయి. ఆ ఇంటి పాలు, ఆ ఇంటి వేడి, ఆ ఇంటి చెయ్యి వాటిని కొద్దికొద్దిగా మారుస్తాయి. తోడు ఒకింటి నుంచి ఇంకో ఇంటికి వెళ్ళినా పాత జాడ ఏళ్ళ తరబడి పోదు. ఏ ఇల్లు ఇచ్చింది, ఏ ఇల్లు పుచ్చుకుంది, ఎన్నాళ్ళయింది అన్నది ఆ యంత్రం చదివేస్తుంది. నోరు దాచినా పెరుగు దాచదు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. మూడు సాఫ్ట్‌వేర్ల పేపర్లూ దిద్దడానికి నాకు జవాబు పత్రం దొరికింది.

ఎక్కడ సేకరించాలన్న ఆలోచన కూడా అక్కర్లేకపోయింది. మేముండేది లంగరు కాలనీలో. పోర్టులో పనిచేసినవాళ్ళు, చేస్తున్నవాళ్ళు కట్టుకున్న నలభై ఒక్క ఇళ్ళు. మా ఆయన ఉద్యోగం రేవులో పూడిక తీసే డ్రెడ్జరు మీద, నెలలో పది రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఏడో నంబరు ఇంట్లో ఎప్పుడూ ఉండేది నేనూ, మా అత్తగారు కామేశ్వరమ్మ గారూ. ఆవిడకి డెబ్బై నాలుగేళ్ళు. మడి, ఆచారం గట్టిగా పాటించే మనిషి. వంటింట్లో ఆవిడ రాచ్చిప్పకి ఒక ప్రత్యేకమైన అలమర ఉంది. పెరుగు ఆ రాతి చిప్పలోనే తోడుకోవాలి, దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు.

"మా అమ్మ కాపరానికి వచ్చినప్పుడు పట్టుకొచ్చిన తోడు ఇది," అనేవారు వచ్చినవాళ్ళందరితో. "బయటి చుక్క పడలేదు ఇందులో."

కాలనీలో ఎవరింట్లో పెరుగు పులిసినా, జిగురొచ్చినా మా ఇంటికే వచ్చేవారు. పొద్దున్న ఆరింటికల్లా గిన్నెలు పట్టుకుని ఇద్దరో ముగ్గురో గుమ్మంలో ఉండేవారు. ఆవిడ చెంచాతో కొలిచి వేసి, పాలు ఎంత గోరువెచ్చగా ఉండాలో ఒక పాఠం చెప్పి మరీ పంపేవారు. ఆ పాఠం వినడానికి నాకు విసుగు పుట్టేది. ఆవిడకి మాత్రం ఆ అరగంటా ప్రాణం లేచొచ్చేది.

రెండు వారాల్లో నలభై ఒక్క ఇళ్ళూ తిరిగి నమూనాలు సేకరించాను. ఎవరితో మాట్లాడతారు, పేరంటాలకి ఎవర్ని పిలుస్తారు, ఎవరితో పేచీలున్నాయి అని ఓ ప్రశ్నల కాగితం నింపించాను. కాలనీ ఫోను గ్రూపులో ఎవరికి ఎవరు బదులిస్తారో అదీ తీసుకున్నాను. సమ్మతి పత్రంలో అంతా వివరంగానే ఉంది. మా అత్తగారు మాత్రం దాన్ని చదవలేదు. "దేనికే ఇది?" అన్నారు. "పెరుగులో మంచి సూక్ష్మజీవులు ఎన్నున్నాయో చూస్తాం అత్తయ్యా," అన్నాను. కోడలు అడిగింది కదా అని సంతకం పెట్టేశారు.

ఇరవై మూడో నంబరు మా వెనకిల్లు. మా పెరటి గోడా వాళ్ళ పెరటి గోడా ఒకటే. కానీ వాళ్ళ గుమ్మం పక్క వీధిలోకి ఉంటుంది. అందులో కరుణమ్మ గారు ఒక్కరే ఉంటారు. పోర్టు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. దళిత క్రైస్తవులు. కాలనీలో అందరూ ఆవిణ్ని సిస్టరమ్మా అని పిలుస్తారు, బీపీ చూపించుకుంటారు, ఇంజక్షన్లు చేయించుకుంటారు. ఆవిడ ఇంట్లో మంచినీళ్ళు తాగినవాళ్ళని మాత్రం నేను చూడలేదు. నేనూ తాగలేదు. ఎవరూ ఇవ్వలేదు కాబట్టి తాగలేదని అనుకునేదాన్ని.

నీలం అంచున్న తెల్ల ఎనామిల్ గిన్నెలోంచి ఆవిడ నాకు పెరుగు తీసి పెట్టారు. సీసా మూత బిగిస్తూ ఆగారు.

"పేర్లు బయటికి రావు కదమ్మా?"

"రావండి. పేర్లే కాదు, ఇంటి నంబర్లు కూడా రావు."

"మీ అత్తగారికి చెప్పే వచ్చావా?"

చెప్పే వచ్చానన్నాను. ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసి సీసా ఇచ్చేశారు. అప్పుడు ఎందుకు అడిగారో నాకు తట్టలేదు.

పేర్లూ నంబర్లూ పటంలో ఉండకూడదన్నది రూలు. మరి చుక్కలకి ఏదో ఒక గుర్తుండాలి. అప్పుడు నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. ఎవరు ఏ గిన్నెలోంచి పెరుగు ఇచ్చారో ఆ గిన్నె పేరే పెట్టాను. సొట్ట గిన్నె, మూతలేని టిఫిను, చెవుల గిన్నె, పింగాణీ జాడీ, రాచ్చిప్ప, నీలం అంచు గిన్నె. ఈ తెలివికి డైరెక్టర్ గారు కూడా మెచ్చుకున్నారు. మగవాడు కదా, గిన్నెని బట్టి ఇల్లు తెలిసిపోతుందని ఆయనకి తట్టకపోవడంలో వింత లేదు. రోజూ గోడల మీంచి గిన్నెలు అందిపుచ్చుకునే కాలనీలో ఉంటూ నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ అర్థం కాదు.

మూడు సాఫ్ట్‌వేర్లూ పని ముగించాయి. వలయం నూట పన్నెండు గీతలు గీసింది, జల్లెడ తొంభై. రెండూ కాలనీ మధ్యలో మా ఇంటినే పెట్టాయి. అల్లిక కూడా అంతే పెట్టింది. కానీ అది ఇంకొక గీత అదనంగా గీసింది, రాచ్చిప్పకీ నీలం అంచు గిన్నెకీ మధ్య. ఎందుకు గీశావని అడిగితే కారణాలు చెప్పింది. ఒకే గోడ పంచుకున్న ఇళ్ళు కాలనీలో ఇరవై జతలున్నాయి. అందరూ పక్కింటి మీద ఏదో ఒక ఫిర్యాదు రాశారు, మురుగు నీళ్ళనో, ములగాకు రాలుతోందనో. ఈ ఇద్దరూ ఒకరి గురించి ఒకరు ఒక్క ముక్క కూడా రాయలేదు. పైగా మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా ఈ రెండు ఫోన్లూ ఎవరికీ బదులివ్వవు.

పెరుగు నమూనాలు తీసి చూశాను. బాణం ఉంది. నీలం అంచు గిన్నె నుంచి రాచ్చిప్పకి. ఒకసారి కాదు, ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ. ఆఖరిసారి పన్నెండు రోజుల కిందట. రాచ్చిప్ప నుంచి ముప్పై నాలుగు ఇళ్ళకి బాణాలు. అంటే మా అత్తగారి వాళ్ళమ్మ తోడు ఎప్పుడో పోయింది. లంగరు కాలనీ మొత్తం తింటున్నది కరుణమ్మ గారి పెరుగు.

ఏ గిన్నె ఎవరిదో నాకు తెలుసు. ఆ క్షణంలో నాకు మా అత్తగారు గుర్తు రాలేదు, కరుణమ్మ గారూ గుర్తు రాలేదు. వలయం పట్టుకోలేనిది, జల్లెడ పట్టుకోలేనిది నా అల్లిక పట్టుకుంది. కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్లు తలుచుకుంటే ఈనాటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు.

ఆ నెలాఖరు ఆదివారం సాయంత్రం కాలనీ సంఘం సమావేశం. సహకరించినందుకు కృతజ్ఞతగా ఫలితాలు చూపిస్తానని నేనే అడిగి మరీ పెట్టించుకున్నాను. సంఘం హాల్లో తెల్ల గోడ మీద పటం వేశాను. పేర్లు లేవు కాబట్టి భయం లేదనుకున్నాను. మా అత్తగారు ముందు వరసలో కూర్చున్నారు, కోడలి గొప్ప చూడ్డానికి.

మొదట్లో అంతా నవ్వులే.

"అదిగో, మూతలేని టిఫిను మనదే!"

"సొట్ట గిన్నె జయప్రద వాళ్ళది. పోయినేడు మా ఇంట్లో పెళ్ళిలో పడిన సొట్ట అది."

రెండు నిమిషాల్లో నలభై ఒక్క గిన్నెలకీ ఇల్లు దొరికింది. పటం తీసేద్దామని చెయ్యి చాచాను. అంతలో సంఘం కార్యదర్శి పేర్రాజు గారి భార్య మాణిక్యాంబ గారు లేచి గోడ దగ్గరికి వచ్చారు. రాచ్చిప్ప మీద వేలు పెట్టారు. "ఇది కామేశ్వరమ్మ గారిది. ఇందులోంచే మనందరికీ బాణాలు. బానే ఉంది. మరి దీన్లోకి వచ్చే బాణం ఎక్కడిదండీ?" అంటూ వేలు వెనక్కి జరిపారు. "నీలం అంచు గిన్నె. సిస్టరమ్మది కదూ ఇది?"

పేర్రాజు గారు గొంతు సవరించుకున్నారు.

"అంటే ఏంటమ్మా హైమా? మేం తింటున్నదంతా..." అని ఆపేశారు. మిగతాది అనడానికి ఆయనకే మర్యాద అడ్డొచ్చింది.

మా అత్తగారు తల దించుకున్నారు. వెనక వరసలో కరుణమ్మ గారు నిటారుగా కూర్చుని నన్నే చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పాలి.

"అది పొరపాటండీ," అన్నాను. "ఆ గీత నిజం కాదు. ఆ ఇంటి నమూనా చెడిపోయింది. గిన్నె... గిన్నె శుభ్రంగా లేదు. అందుకని మిషను తప్పు చూపించింది."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. "అదీ! అనుకున్నాను," అన్నారు మాణిక్యాంబ గారు. ఎవరో నవ్వారు కూడా. కరుణమ్మ గారు లేచారు. తను కూర్చున్న ఇనప కుర్చీ మడిచి, గోడవార మిగతా కుర్చీల పక్కన పెట్టి వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చాక మా అత్తగారు దీపం కూడా పెట్టలేదు. వంటింటి గుమ్మంలో కూలబడ్డారు.

"మీ మావయ్యకి పక్షవాతం వచ్చినప్పుడు మీరు విశాఖలో ఉన్నారు," అన్నారు. "రెండు నెలలు మంచం. వీపంతా పుళ్ళు పడ్డాయి. నేను చూడలేక బయటికి పారిపోయేదాన్ని. కరుణ రోజూ పెరటి వైపు నుంచి వచ్చి కడిగి కట్టు కట్టేది. అప్పుడు పాలు ఎవరు చూశారు, పెరుగు ఎవరు చూశారు? అమ్మ తోడు కాస్తా బూజు పట్టిపోయింది. ఓ రోజు లేచి చూస్తే రాచ్చిప్ప నిండా పెరుగుంది. తన ఇంట్లోంచి తెచ్చి తోడు పెట్టింది. ఆ మాట నేను అడగలేదు, తను చెప్పలేదు."

"మరి తరవాత?"

"తరవాతేముంది, పదకొండేళ్ళు. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక గోడ దగ్గర చెరో పీటా వేసుకుని కూచునేవాళ్ళం. తోడు పులిసినప్పుడల్లా గోడ మీంచి ఓ చెంచా అందించేది. నాకు ఉన్న స్నేహితురాలు అదొక్కతే." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకున్నారు. "దాని గిన్నె శుభ్రంగా లేదన్నావు. నేను వింటూ కూచున్నాను. నువ్వయినా అబద్ధం చెప్పావు, నేను నోరే తెరవలేదు. మనిద్దరిలో ఎవరికి ఎక్కువ సిగ్గుండాలే?"

నేను లేచి దీపం పెట్టాను.

మర్నాడు ఆఫీసులో జరిగిందంతా డైరెక్టర్ గారికి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఆ నమూనా పక్కన పెట్టెయ్. చెడిన నమూనాలు ఎన్ని తీసెయ్యం? ఎవరూ అడగరు."

"అది చెడిపోలేదండీ. నలభై ఒక్కటిలోకీ శుభ్రమైనది అదే."

"అయితే అల్లిక గెలుస్తుంది. తీసేస్తే జల్లెడ గెలుస్తుంది. నీ ఇష్టం," అన్నారు.

నమూనా తీసేసి ఒకసారి లెక్క వేసి చూశాను. అల్లిక గీసిన ఆ ఒక్క గీత 'లేని సంబంధం' అన్న వరసలోకి వెళ్ళి కూర్చుంది. ఆ వరస చూస్తూ ఉండలేక కంప్యూటర్ కట్టేసి కరుణమ్మ గారింటికి వెళ్ళాను.

ఆవిడ కూర్చోమన్నారు. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. చెయ్యి అడ్డం పెట్టారు.

"చూడమ్మా. ముప్పై మూడేళ్ళు ఆపరేషన్ థియేటర్లో చేశాను. నేను ఉడకబెట్టిన కత్తెర గురించి ఏ డాక్టరూ రెండో మాట అడగలేదు. నేను ఎవర్నో అందరికీ తెలుసు, అందులో దాచేదేం లేదు. మీ అత్తగారు దాచుకున్నారు, సరే, ఆవిడ కష్టం ఆవిడది అనుకున్నాను. గీత సంగతి నాకక్కర్లేదు. ఉందని చెప్పుకో, లేదని చెప్పుకో. నా గిన్నె శుభ్రంగా ఉందని చెప్పు. ఎక్కడైతే అన్నావో అక్కడే చెప్పు. అంతే."

అంతే అన్నది ఎంతో నాకు తెలుసు. గిన్నె శుభ్రంగా ఉంటే మిషను తప్పు కాదు. మిషను తప్పు కాకపోతే గీత నిజం. గిన్నె సంగతి చెప్పి మా అత్తగారిని దాచడం కుదరదు.

ఇంటికెళ్ళి ఆవిడకే చెప్పాను.

"నాకు డెబ్బై నాలుగొచ్చాయి హైమా. ఇంకెన్నాళ్ళుంటాను? పొద్దున్నే గిన్నెలు పట్టుకుని వాళ్ళొస్తారు. అదొక్కటే నాకు మిగిలింది. నేను పోయాక చెప్పు. నా పదో రోజున చెప్పినా సరే. కరుణ అర్థం చేసుకుంటుంది. వెళ్ళి చెప్పు దానికి."

ఆ మాట మోసుకుని మళ్ళీ వెనకింటికి వెళ్ళాను. ఇలాంటి కబురు తీసుకెళ్ళడానికి ఒప్పుకున్నానంటే నా సిగ్గు అప్పటికి ఇంకా పూర్తిగా నిద్ర లేవలేదన్నమాట. కరుణమ్మ గారు అంతా విన్నారు. ఆవిడకి కోపం రాలేదు.

"ఆవిడ కంటే నేను రెండేళ్ళు పెద్దదాన్నమ్మా," అన్నారు.

ఆ తరవాతి ఆదివారం దాకా నేను ఆగలేదు. బుధవారం సాయంత్రమే పేర్రాజు గారిని బతిమాలి అందర్నీ పిలిపించాను. అదే హాలు, అదే గోడ. ఈసారి పటం వెయ్యలేదు. "ఇరవై మూడో ఇంటి గిన్నె శుభ్రంగా ఉంది. నేను మొన్న ఆదివారం అబద్ధం చెప్పాను. మా ఇంటి పరువు కోసం చెప్పాను. కరుణమ్మ గారు నన్ను క్షమించాలి," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు, అందుకని ఇంకోసారి గట్టిగా చెప్పాను. కరుణమ్మ గారు రాలేదు. మా అత్తగారూ రాలేదు, నేను చెప్పబోతున్నానని ఆవిడకి చెప్పే వచ్చాను.

మర్నాడు పొద్దున్న పాలకని బయటికి వెళ్ళాను. మా వీధిలో కాలవ పొడుగునా తెల్లటి చారలు. ఇంటికొక చార. రాత్రికి రాత్రి కాదు, తెల్లారాక, అందరూ చూస్తుండగానే పారబోశారు. మూల కొట్లో ఎనిమిదింటికల్లా పెరుగు ప్యాకెట్లు అయిపోయాయి. మా గుమ్మంలో గిన్నె పట్టుకుని ఒక్కరూ లేరు. అదే వీధిలోంచి అదే రోజు ఇద్దరు వెళ్ళి సిస్టరమ్మ దగ్గర బీపీ చూపించుకున్నారు. ఆవిడ చూశారు కూడా.

మా అత్తగారు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, "పద," అన్నారు. పెరట్లోకి వెళతారనుకున్నాను. వీధి గేటు తీసుకుని బయటికి నడిచారు. పొద్దున్న పది గంటల వేళ, అన్ని గుమ్మాల ముందు నుంచీ, మోకాళ్ళ నొప్పితో ఆగుతూ ఆగుతూ పక్క వీధిలోకి వెళ్ళి కరుణమ్మ గారి తలుపు కొట్టారు.

కరుణమ్మ గారు తలుపు తీసి పక్కకి తప్పుకున్నారు. మా అత్తగారు కుర్చీలో కూర్చుని ఆయాసం తీర్చుకున్నారు.

"కాసిని మంచినీళ్ళియ్యి కరుణా."

గ్లాసుతో నీళ్ళొచ్చాయి. ఆవిడ ఒక్క చుక్క మిగల్చకుండా తాగారు. ఎత్తి పోసుకోలేదు, అంచుకి పెదవి ఆనించే తాగారు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. కరుణమ్మ గారు గ్లాసు అందుకుని నిలబడ్డారు.

"ఇంక బయల్దేరండి కామేశ్వరమ్మ గారూ. ఎండెక్కితే నడవలేరు," అన్నారు. పదకొండేళ్ళలో ఆవిడ మా అత్తగారిని గారూ అని పిలవడం అదే మొదటిసారట. దారిలో మా అత్తగారే చెప్పారు.

నివేదిక అచ్చయింది. ఇరవై మూడో ఇంటి నమూనా అందులో ఉంది. అల్లిక గెలిచింది. కనిపించని సంబంధాన్ని పట్టుకున్న ఒకే ఒక్క సాఫ్ట్‌వేర్ అని మెచ్చుకుంటూ ఉత్తరాలొచ్చాయి. మా పెరట్లో పీట ఎండకి పగిలింది. మధ్యాహ్నం రెండింటికి మా అత్తగారి ఫోను ఇప్పుడు వెంటనే బదులిస్తుంది.

పథకం ప్రకారం ఆరు నెలలకి రెండో విడత నమూనాలు తియ్యాలి. సంబంధాలు మారితే ఏ సాఫ్ట్‌వేర్ ముందు కనిపెడుతుందో చూడాలట. ఇంకెవర్నయినా పంపమని డైరెక్టర్ గారిని అడిగాను. "ఇంకెవరున్నారమ్మా మనకి?" అన్నారు. సీసాల పెట్టె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. చాలామంది మర్యాదగా మాట్లాడారు, ఇద్దరు కాఫీ ఇచ్చారు. ఇరవై మూడో ఇంటి ముందు కాళ్ళు ఆగిపోయాయి. తలుపు నేను కొట్టకముందే తెరుచుకుంది.

"నమూనాకే కదమ్మా? ఉండు," అని కరుణమ్మ గారు లోపలికెళ్ళి వచ్చారు. కొట్లో కొన్న పెరుగు ప్యాకెట్ నా చేతిలో పెట్టారు. అంచు కూడా కత్తిరించలేదు.

"ఇంట్లో తోడు పెట్టడం లేదాండీ?"

"మానేశాను. పట్టుకెళ్ళు. నా గిన్నె తగల్లేదు, నా చెయ్యి తగల్లేదు. ఈసారి మీ మిషనుకి ఏ ఇబ్బందీ ఉండదు."

ఆవిడ వెటకారంగా అనలేదు. ఆసుపత్రిలో మందు ఎలా వేసుకోవాలో చెప్పే నర్సులాగా నెమ్మదిగా చెప్పారు. ప్యాకెట్ మీద ఇరవై మూడు అని రాసి, పెట్టెలో పెట్టుకుని, ఇరవై నాలుగో ఇంటికి వెళ్ళాను.